బందరుకు ఎన్ని పేర్లు?

పిల్లలూ! ఒక మనిషికి నాలుగు పేర్లుంటే ఏమవుతుంది? ఇంట్లో బుజ్జి, బళ్ళో సత్యనారాయణ, అమ్మమ్మగారి ఊళ్ళో చిన్నోడు, ఆటల దగ్గర పొట్టి. తపాలా జవాను వచ్చి, "సత్యనారాయణ ఇల్లెక్కడ?" అని అడిగితే వీధిలో ఆడుకునే పిల్లలు, "అట్లాంటివాడు ఇక్కడ లేడే!" అంటారు. వాళ్ళు అబద్ధం ఆడలేదు. వాళ్ళకు తెలిసినవాడు పొట్టి మాత్రమే.

మన కృష్ణా జిల్లా ముఖ్యపట్టణానికి కూడా ఇట్లాంటి చిక్కే ఉన్నది. ప్రభుత్వం వారి కాగితాల్లో అది మచిలీపట్నం. చుట్టుపక్కల పల్లెల వాళ్ళ నోట బందరు. ఇంగ్లీషువాళ్ళు 1611లో ఇక్కడ వర్తకం మొదలుపెట్టిన తరవాత వాళ్ళ కాగితాల్లో మసులిపటం. బందరు అంటే పారశీక భాషలో రేవు. హిందీలో బందర్ అంటే కోతి! అందుచేత ఇంగ్లీషు అక్షరాల్లో ఒట్టి 'బందర్' అని కొట్టి కంప్యూటరును అడిగితే, లడ్డు కనిపించటానికి ముందు కోతి కనిపించినా ఆశ్చర్యం లేదు.

మనకు ఇది నవ్వులాట. కాని బందరులో లడ్డు చేసి అమ్ముకునేవాడికి ఇది బతుకుతెరువు.

నేడు చాలామంది వర్తకులు తమ సరుకు కోసం వెబ్‌సైటు పెట్టుకుంటున్నారు. వెబ్‌సైటు అంటే ఏ ఊరివాడైనా తన ఇంట్లో కూర్చుని చూడగల దుకాణం. అయితే వీధిలో కొట్టుకూ దీనికీ ఒక తేడా ఉన్నది. బందరు కోనేరు సెంటరులో కొట్టు పెడితే దారినపోయేవాళ్ళు అయినా తలతిప్పి చూస్తారు. వెబ్‌సైటు ముందు నుంచి ఎవరూ నడిచిపోరు. దాని చిరునామా తెలిసినవాడు రావాలి, లేదా గూగుల్, బింగ్ లాంటి సెర్చ్ ఇంజన్ తోవ చూపించాలి. ఆ సెర్చ్ ఇంజన్ పట్టికలో లేని దుకాణం ఉన్నా లేనట్టే. ఆ పట్టికకు ఒక దుకాణాన్ని సిద్ధం చెయ్యటం ఎట్లాగో ఈ నెల తెలుసుకుందాం.

పట్టికలో చేరటం మన సీమకు కొత్త కాదు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో ఒక వర్తకుడు ఈజిప్టు నుంచి ఇండియా దాకా ఉన్న రేవులను గురించి గ్రీకు భాషలో చిన్న పుస్తకం రాశాడు. దాన్ని 'పెరిప్లస్' అంటారు. రాసినవాడి పేరు ఎవరికీ తెలియదు. అందులో అతను 'మసాలియా' అనే సీమను పేర్కొని, అక్కడ సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పాడు. ఆ మసాలియా మన కృష్ణ సముద్రంలో కలిసే ప్రాంతమని చరిత్రకారులు చెబుతారు. ఆ తరవాతి శతాబ్దంలో టాలెమీ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు 'కంటకోసిల' అనే వర్తక స్థలాన్ని పేర్కొన్నాడు. అది పాత దివి తాలూకాలోని ఘంటసాల అని పండితుల అభిప్రాయం.

పెరిప్లస్ రాసినవాడు ముఖ్యంగా మూడు సంగతులు చెప్పాడు: ఊరు, సరుకు, దారి. దూరదేశపు వర్తకుడికి కావలసినవి అవే. రెండు వేల ఏళ్ళు గడిచినా, నేటి వెబ్‌సైటు చెప్పవలసినవి కూడా అవే.

ఇంతకూ సెర్చ్ ఇంజన్ ఎట్లా పనిచేస్తుంది? మనం ప్రశ్న వేసిన తరవాత అది లోకమంతా తిరిగి జవాబు తెస్తుందని చాలామంది అనుకుంటారు. అట్లా కాదు. తిరగటం ముందే అయిపోయి ఉంటుంది. సాలీడు దారం పట్టుకుని పాకినట్టు, ఒక పేజీ నుంచి మరొక పేజీకి ఉన్న లింకులను పట్టుకుని తిరిగే ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిని క్రాలర్లు అంటారు. అవి తెచ్చిన మాటలతో సెర్చ్ ఇంజన్ ఒక బ్రహ్మాండమైన సూచిక తయారు చేసి పెట్టుకుంటుంది. పెద్ద పుస్తకాల చివర అకారాది క్రమంలో మాటలూ, వాటి ఎదురుగా పేజీల అంకెలూ ఉంటాయే, అట్లాంటిదే. మనం ఒక మాట అడగగానే అది ఆ సూచికను తిరగేస్తుంది.

మీరు కూడా ఇట్లాంటి సూచిక చెయ్యవచ్చు. మూడు కాగితాలు తీసుకోండి. ఒకటో కాగితం మీద 'పెడన కలంకారీ దుప్పట్లు' అనీ, రెండో దాని మీద 'చిలకలపూడి గిల్టు నగలు' అనీ, మూడో దాని మీద 'బందరు లడ్డు, బందరు హల్వా' అనీ రాయండి. ఇప్పుడు నాలుగో కాగితం మీద ఒక్కొక్క మాటా రాసి, అది ఏ కాగితంలో ఉన్నదో ఎదురుగా అంకె వెయ్యండి. నగలు: 2. పెడన: 1. బందరు: 3. మీ తమ్ముణ్ణి పిలిచి, మొదటి మూడు కాగితాలూ దాచి, నాలుగోది మాత్రం చేతికివ్వండి. "లడ్డు ఎక్కడ?" అంటే వాడు మూడు అని ఠక్కున చెబుతాడు. "మచిలీపట్నం మిఠాయి ఎక్కడ?" అని అడగండి. పాపం, తెల్లమొహం వేస్తాడు. సూచికలో మచిలీపట్నమూ లేదు, మిఠాయీ లేదు!

నేటి సెర్చ్ ఇంజన్లు మీ తమ్ముడికంటె ఎక్కువ తెలివి నేర్చాయి. బందరూ మచిలీపట్నమూ ఒకటేనని అవి చాలాసార్లు గ్రహిస్తాయి. అయినా వాటి ఊహకు వదిలెయ్యటం కంటె మనమే స్పష్టంగా చెప్పటం మంచిది.

ఇక మీకు ఒక నిజమైన దుకాణం సంగతి చెబుతాను.

గుడివాడ నుంచి బందరు పోయే రైలు గుడ్లవల్లేరు, కవుతరం దాటిన తరవాత పెడన వస్తుంది. అక్కడ కరక్కాయ నీళ్ళు పట్టించిన నూలుగుడ్డ మీద చెక్క అచ్చులతో అద్దకం వేస్తారు. ఇనుప ముక్కలూ, బెల్లమూ నీళ్ళలో ఊరవేసి తీసిన ద్రావకం ఆ గుడ్డకు తగిలితే నల్లరంగు వస్తుంది. పటిక కలిపి అద్దినచోట, తరవాత రంగులో ఉడకబెట్టినప్పుడు ఎరుపు పట్టుకుంటుంది. మచిలీపట్నం కలంకారీ అంటే ఇదే. ఆ పేరుకు ప్రభుత్వం వారి భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది.

పెడనలో నా పాత శిష్యుడు ఒకడు ఆరు బల్లలతో అద్దకం పని నడుపుతున్నాడు. యంత్రం మీద అచ్చు వేసిన చవక గుడ్డలు కలంకారీ పేరుతో బజారులోకి రావటంతో అతనికి బేరాలు తగ్గిపోయాయి. కిందటేడు నేను వెళ్ళేసరికి మూడు బల్లలు ఖాళీగా ఉన్నాయి. వాటి దగ్గర పనిచేసినవాళ్ళు రొయ్యల చెరువుల మీదికి కూలికి పోతున్నారు. ఇరవై ఏళ్ళు అచ్చు పట్టిన చేతులు అవి!

"వెబ్‌సైటు పెట్టి నాలుగు నెలలైంది మాస్టారూ. ఒక్కరు కూడా ఫోను చెయ్యలేదండీ," అన్నాడు అతను.

అతని కూతురు తొమ్మిదో తరగతి చదువుతున్నది. ఆ అమ్మాయి ఫోను తీసి, సెర్చ్ ఇంజన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో 'సైట్' అని రాసి, దాని పక్కనే రెండు చుక్కలు పెట్టి, ఆనుకుని తమ వెబ్‌సైటు చిరునామా రాసింది. ఇట్లా అడిగితే ఆ వెబ్‌సైటులో ఏ పేజీలు సూచికలో చేరాయో సుమారుగా తెలుస్తుంది. ఒక్క పేజీ కూడా రాలేదు.

కారణం వెతికితే తేలిక సంగతే బయటపడింది. వెబ్‌సైటు సగం కట్టి ఉన్నప్పుడు ఎవరి కంటా పడకుండా, 'సెర్చ్ ఇంజన్లు దీన్ని చేర్చుకోవద్దు' అనే గడిలో టిక్కు పెట్టుకునే వీలు ఉంటుంది. కట్టిన కుర్రవాడు టిక్కు పెట్టాడు; పని పూర్తి అయిన తరవాత తియ్యటం మరిచాడు. దుకాణం తెరిచి, వాకిట్లో 'ఈరోజు సెలవు' అనే పలక వదిలేసినట్టున్నది! టిక్కు తీసేశాము. తరవాత, పేజీలన్నిటి చిరునామాలూ వరసగా రాసిన సైట్‌మ్యాప్ అనే జాబితాను సెర్చ్ ఇంజన్‌కు అందజేశాము. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండో లోపం మొదటి పేజీలోనే ఉన్నది. నెమళ్ళూ, లతలూ, నడుమ వంకులు తిరిగిన అక్షరాల్లో దుకాణం పేరు, అంతా కలిసి ఒకే బొమ్మ. కంటికి ఇంపుగానే ఉన్నది. కాని బొమ్మలో గీసిన అక్షరాలు మనిషికి అక్షరాలు. క్రాలరుకు అవి ముఖ్యంగా రంగు చుక్కలే. బొమ్మలను కొంతవరకు గుర్తుపట్టటం యంత్రాలు నేర్చాయి గాని, ఆ నేర్పును నమ్ముకుని దుకాణం పెట్టకూడదు. మాటలను మాటలుగానే రాయాలి. ప్రతి బొమ్మకూ, 'ఎర్ర నెమళ్ళ అచ్చుతో నూలు దుప్పటి' అన్నట్టు, ఒక చిన్న వర్ణన జత చెయ్యాలి. దీనివల్ల ఇంకొక మేలు కూడా ఉన్నది. చూపు లేనివారి ఫోను ఆ వర్ణనను బయటికి చదివి వినిపిస్తుంది.

"మాటలు నేను రాస్తానమ్మా," అని నేను కాగితం తీసుకున్నాను. 'వర్ణశోభాయమానమై, నయనానందకరమై, ఆంధ్రుల హస్తకళా వైభవమునకు నిలువెత్తు తార్కాణమై' అంటూ ఒక పేజీ నింపి, ఆ అమ్మాయికి గర్వంగా ఇచ్చాను.

ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది. "చాలా బాగుంది తాతగారూ. కాని ఇందులో దుప్పటి అనే మాట ఎక్కడుందండీ?" అన్నది.

నేను కళ్ళజోడు సవరించుకుని చూశాను. దుప్పటి లేదు. చీర లేదు. ఆఖరికి పెడన కూడా లేదు! ముప్ఫై అయిదేళ్ళు పిల్లల వ్యాసాలు దిద్దినవాణ్ణి. ఆనాడు నా వ్యాసాన్ని తొమ్మిదో తరగతి పిల్ల దిద్దింది.

తరవాత ఆమె ఏం చేసిందో చూడండి. ఒక నోటుబుక్కు పట్టుకుని పదిమందిని అడిగింది: "మీకు ఇట్లాంటి గుడ్డ కావలసివస్తే ఫోనులో ఏమని కొట్టి వెతుకుతారు?" ఒకరు 'కలంకారీ దుప్పట్లు' అన్నారు. ఒకరు 'పెడన చీరలు' అన్నారు. హైదరాబాదులో ఉన్న పిన్ని 'బ్లాక్ ప్రింట్ బెడ్‌షీట్' అన్నది. దర్జీ 'మచిలీపట్నం కలంకారీ హోల్‌సేల్' అన్నాడు. ఒక్కరు కూడా 'నయనానందకరము' అనలేదు!

అమ్మేవాడి మాట వేరు, వెతికేవాడి మాట వేరు. బందరు లడ్డునే తొక్కుడు లడ్డు అని వెతికేవాళ్ళు ఉన్నారు. మన పెద్దలు చిలకలపూడి బంగారం అన్న గిల్టు నగలను నేడు ఇమిటేషన్ జ్యువెలరీ అని వెతుకుతారు. వెతికేవాడి నోట ఏ మాట ఉన్నదో అది మన పేజీలో ఉండాలి. అందుచేత ఆ అమ్మాయి దుప్పట్లకు ఒక పేజీ, చీరలకు ఒక పేజీ, చొక్కాగుడ్డలకు ఒక పేజీ విడివిడిగా చేసింది. ఇదివరకు ప్రతి పేజీ తల మీదా 'హోమ్' అనే ఒకే పేరు ఉండేది. పుస్తకాలన్నిటికీ అట్టమీద 'పుస్తకం' అని రాస్తే ఎవరికి ప్రయోజనం? ఇప్పుడు దుప్పట్ల పేజీకి 'పెడన కలంకారీ దుప్పట్లు, చెక్క అచ్చుల అద్దకం' అని పేరు పెట్టింది. సెర్చ్ ఇంజన్ చూపే జాబితాలో సాధారణంగా పెద్ద అక్షరాలతో కనిపించేది ఈ పేరే.

అన్నీ తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ రాసింది. ఒకప్పుడు తెలుగు వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ ఒక్కొక్క రకం ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చిగీతలు కనిపించేవి. ప్రపంచ భాషల అక్షరాలకు తలా ఒక అంకె కేటాయించే యూనికోడ్ పద్ధతిలో 1991లోనే తెలుగుకు చోటు దొరికింది. ఆ పద్ధతిలో రాసిన తెలుగును ఏ సెర్చ్ ఇంజన్ అయినా చదవగలదు.

ఊరూ సరుకూ అయినాయి. మిగిలినది దారి. దీనికి దివిసీమ వైపు నుంచి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఘంటసాల గ్రామంలో ఒకాయన మినప్పప్పు అమ్ముతున్నాడని అనుకోండి. తన పేజీలో ఒట్టి 'ఘంటసాల' అని రాస్తే చాలదు. ఆ మాట అడిగినవాళ్ళలో ఎక్కువమందికి కావలసింది గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పాటలు! 'మినప్పప్పు, ఘంటసాల గ్రామం, కృష్ణా జిల్లా' అని పూర్తిగా రాయాలి. ఫోను నెంబరూ, తెరిచే వేళలూ ఇవ్వాలి. గూగుల్ మ్యాపులో కూడా దుకాణాన్ని నమోదు చేసుకోవచ్చు. దానికీ డబ్బు కట్టనక్కరలేదు. అయితే మ్యాపులో ఒక నెంబరూ, వెబ్‌సైటులో ఇంకొక నెంబరూ ఉండకూడదు. అన్నిచోట్లా ఒకే పేరు, ఒకే చిరునామా ఉండాలి.

ఇన్ని చేసినా, ఒకే సరుకు అమ్మేవాళ్ళు వందమంది ఉంటే ఎవరిని ముందు చూపించాలి? 1998లో గూగుల్ స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు యువకులకు ఒక ఉపాయం తోచింది. ఊళ్ళో పెద్దమనిషి ఎవరో ఎట్లా తెలుస్తుంది? నలుగురూ ఎవరి పేరు చెబుతారో చూస్తాము గదా! చెప్పే నలుగురూ మంచివాళ్ళైతే ఆ మాటకు విలువ ఎక్కువ. అట్లాగే, ఒక పేజీకి ఎన్ని మంచి పేజీల నుంచి లింకులు ఉన్నాయో వాళ్ళు లెక్కకట్టించారు. ఇప్పుడు లింకులే కాక ఇంకా ఎన్నో చూస్తారు. పేజీ త్వరగా తెరుచుకుంటుందా, ఫోనులో సరిగా కనిపిస్తుందా, అడిగినదానికి నిజంగా జవాబు ఉన్నదా అనేవి వాటిలో కొన్ని.

ఇక్కడే పెడనలో అసలు పరీక్ష వచ్చింది. ఒకరోజు ఎవరో ఫోను చేసి, "డబ్బు కడితే నెలలో మిమ్మల్ని మొదటి స్థానంలో పెట్టిస్తాం. చేతి కలంతో గీసిన కలంకారీ అని రాయండి. జనం దానికోసమే ఎక్కువ వెతుకుతారు," అన్నాడు.

మూడు బల్లలు ఖాళీగా ఉన్న మనిషికి అది చిన్న ఆశ కాదు. నా శిష్యుడు కొంతసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. తరవాత, "కలంతో గీసేది శ్రీకాళహస్తిలోనండీ. మాది అచ్చు. అచ్చును కలం అని అమ్మితే, యంత్రం గుడ్డను కలంకారీ అని అమ్మేవాడికీ నాకూ తేడా ఏముందండీ?" అని ఫోను పెట్టేశాడు.

అతను నీతి కోసం ఆ మాట అన్నాడు గాని, లెక్క చూసినా అదే మంచిది. సెర్చ్ ఇంజన్‌ను మోసగించాలని చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో ఒకే మాటను వందసార్లు రాసినవాళ్ళు ఉన్నారు. మనిషికి ఒక పేజీ, క్రాలరుకు ఇంకొక పేజీ చూపించినవాళ్ళు ఉన్నారు. 2006లో జర్మనీ దేశపు ప్రసిద్ధ కార్ల కంపెనీ ఒకటి ఇట్లాంటి పని చేస్తే, గూగుల్ దాని జర్మన్ వెబ్‌సైటును కొన్నాళ్ళు సూచికలో నుంచే తీసేసింది. పేజీలో కనపడకుండా దాచి రాసే 'కీవర్డు'ల జాబితాను లెక్కలోకి తీసుకోవటం లేదని 2009లో గూగుల్ వారే ప్రకటించారు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫలానా సెర్చ్ ఇంజన్‌లో మొదటి స్థానం ఖాయం చేస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరు. డబ్బు తీసుకుని చూపించే ప్రకటనలు వేరు. వాటి మీద ప్రకటన అని గుర్తు ఉంటుంది. అసలు జాబితాలో చోటు అమ్మకానికి లేదు. హామీ ఇస్తామనేవారికి డబ్బు కట్టే ముందు బాగా ఆలోచించండి.

పెడనలో తరవాత ఏం జరిగిందని అడుగుతారు. అద్భుతమేమీ జరగలేదు. మూడు వారాలకు ఆ పేజీలు సూచికలో చేరాయి. రెండు నెలలకు, పెడన దుప్పట్లు అని అడిగితే రెండో పేజీలో కనిపించసాగాయి. హైదరాబాదు నుంచి ఒక బట్టల కొట్టు ఆమె ఫోను చేసి, "మీది చెక్క అచ్చేనా? అయితే చేస్తున్నప్పుడు ఫోటో తీసి పంపండి," అన్నది. అమ్మాయి వెంటనే తీసి పంపింది. ఉన్నదే రాశారు గనక చూపించటానికి భయమేమిటి? ఆమె నలభై దుప్పట్లు అడిగింది. ఖాళీగా ఉన్న మూడు బల్లల్లో ఒకటి నిండింది. చెరువు మీదికి పోయినవాళ్ళలో ఇద్దరు తిరిగి వచ్చి అచ్చు పట్టారు. మిగిలిన రెండు బల్లలూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఆ అమ్మాయి నోటుబుక్కులో మాత్రం కొత్త మాటలు చేరుతున్నాయి.

పిల్లలూ! మీ వీధిలో కుట్టుమిషను ఆమె ఉంటుంది, పచ్చళ్ళు పెట్టే అమ్మమ్మ ఉంటుంది, వలలు అల్లే తాత ఉంటాడు. ఈ ఆదివారం ఒక నోటుబుక్కు తీసుకుని వాళ్ళలో ఒకరి దగ్గరికి వెళ్ళండి. వారు ఏం చేస్తారో, ఎక్కడ చేస్తారో, ఎట్లా చేరుకోవాలో అయిదు వాక్యాల్లో రాయండి. తరవాత పదిమందిని కలుసుకుని, అది కావలసివస్తే ఏ మాటతో వెతుకుతారో అడిగి రాసుకోండి. మీ అయిదు వాక్యాల్లో ఆ మాటలు ఉన్నాయా? లేకపోతే దిద్దండి. దిద్దిన తరవాత ఇంకొకసారి చదివి, ప్రతి వాక్యమూ నిజమేనా అని చూసుకోండి.